పట్టికలో పదో స్థానం, పద్దులో లాభం: ఉప్పల్ నుంచి చూస్తే ఐపీఎల్ జట్టు డబ్బు లెక్క

2023 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ పది జట్లలో పదో స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది ఏకంగా ఫైనల్ ఆడింది. 2025లో మళ్లీ ఆరో స్థానానికి దిగింది. పట్టికలో ఇంత ఎత్తుపల్లాలున్నా, జట్టు యజమాని సన్ టీవీ నెట్‌వర్క్‌కు ప్రసార హక్కుల నుంచి వచ్చే వాటా వాటితో పాటు పడిలేవలేదు. పైగా అట్టడుగున ఉన్న 2023లోనే, లెక్కేసి చూస్తే, ఆ వాటా అంతకు ముందు ఏడాదికి రెట్టింపు దాటింది.

మ్యాచ్ ఓడిన ప్రతి రాత్రీ "ఓనర్‌కి ఎంత బొక్కో" అనే మాట వినిపిస్తుంది. ఉప్పల్‌లో టికెట్లు బ్లాక్‌లో పోతుంటే "కోట్లు దండుకుంటున్నారు" అంటారు. రెండు మాటల్లోనూ ఊహించుకుంటున్నది ఒకటే: గెలుపు, గేటు (టికెట్ల ఆదాయం) ఈ రెండే జట్టును పోషిస్తాయని. లెక్క వేరేలా ఉంటుంది. జట్టును పోషించేది ఇంట్లో కూర్చుని మ్యాచ్ చూసే మనిషి సమయం. ఆ సమయాన్ని కొనేది ప్రసార సంస్థ, దానికి డబ్బిచ్చేది ప్రకటనదారు. మిగతావన్నీ దీని తర్వాతే.

ఏది ఎవరి డబ్బు

ఐపీఎల్ జట్టును ఫ్రాంచైజీ అంటారు. లీగ్ యజమాని భారత క్రికెట్ బోర్డు, అంటే బీసీసీఐ. ఫలానా నగరం పేరుతో జట్టు నడుపుకునే హక్కును అది అమ్ముతుంది. ఆ హక్కు కొన్నవారే ఫ్రాంచైజీ యజమానులు. ఆటగాళ్లు, కోచ్‌లు, జెర్సీ, జట్టు పేరు వారివి. లీగ్, షెడ్యూలు, నియమాలు, ప్రసార హక్కులు బోర్డువి. స్టేడియం ఈ ఇద్దరిదీ కాదు. ఉప్పల్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ స్టేడియం నిర్వహణ హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్, అంటే హెచ్‌సీఏ చేతిలో ఉంటుంది.

ఈ మూడు ముక్కలూ మూడు చేతుల్లో ఉండటమే సగం గొడవలకు మూలం.

డబ్బు కూడా రెండు రకాలుగా వస్తుంది. ప్రసార హక్కులు, లీగ్ స్పాన్సర్ల సొమ్ము ముందు బోర్డు దగ్గరికి చేరి, అక్కడి నుంచి జట్లకు పంపిణీ అవుతుంది. దీన్నే కేంద్ర నిధి లేదా సెంట్రల్ పూల్ అంటారు. జెర్సీ మీద కనిపించే కంపెనీల సొమ్ము, సొంత మైదానంలో టికెట్ల ఆదాయం, టోపీలూ టీషర్టుల అమ్మకాలు జట్టు నేరుగా సంపాదించుకునేవి. ఈ రెండో రకం మన కంటికి కనిపిస్తుంది కాబట్టి పెద్దదనిపిస్తుంది. నిజానికి పెద్దది మొదటిదే.

48,390 కోట్లు ఎలా వచ్చాయి

2022 జూన్‌లో జరిగిన ఈ-వేలంలో 2023 నుంచి 2027 వరకు, అంటే ఐదు సీజన్ల హక్కులను బోర్డు నాలుగు ప్యాకేజీలుగా అమ్మింది. భారత ఉపఖండంలో టీవీ హక్కులు డిస్నీ స్టార్‌కు ఒక్కో మ్యాచ్‌కు 57.5 కోట్ల చొప్పున వెళ్లాయి. డిజిటల్ హక్కులు వయాకామ్18కు మ్యాచ్‌కు 50 కోట్లకు దక్కాయి. సీజన్ మొదటి మ్యాచ్, వారాంతపు రాత్రి మ్యాచ్‌లు, ప్లేఆఫ్‌ల వంటి ఎంపిక చేసిన వాటికి డిజిటల్‌లో ప్రత్యేక ప్యాకేజీ పెట్టారు. అది కూడా వయాకామ్18కే, మ్యాచ్‌కు 33.24 కోట్లకు. నాలుగోది విదేశీ హక్కులు. ఐదేళ్లలో 410 మ్యాచ్‌లు ఉంటాయన్న అంచనాతో మొత్తం 48,390 కోట్లు. సగటున మ్యాచ్‌కు 118 కోట్లు.

అంతకు ముందు ఐదేళ్లకు, అంటే 2018–22కు, స్టార్ ఇండియా ఒక్కటే 16,347.5 కోట్లిచ్చి హక్కులన్నీ తీసుకుంది. అప్పుడు మ్యాచ్‌కు 54.5 కోట్లు. ఐదేళ్లలో ఆట మారలేదు, ఓవర్లు పెరగలేదు. మారిందల్లా ఒక్కటే. అంతవరకూ టీవీకి తోకలా ఉన్న డిజిటల్‌ను విడదీసి, విడిగా వేలం పెట్టారు. ఇద్దరు కొనుగోలుదారులు తలపడ్డారు. ధర రెట్టింపు దాటింది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ప్రధాన ప్యాకేజీలు మ్యాచ్ లెక్కన అమ్మినవి. 74 మ్యాచ్‌ల సీజన్‌కూ 84 మ్యాచ్‌ల సీజన్‌కూ ప్రసారకర్త ఒకే మొత్తం కట్టడు. పది మ్యాచ్‌లు పెరిగితే టీవీ, డిజిటల్ కలిపి మ్యాచ్‌కు 107.5 కోట్ల చొప్పున 1,075 కోట్లు అదనం. అందులో సగం పది జట్లకు పంచినా ఒక్కో జట్టుకు దాదాపు 54 కోట్లు. సీజన్ పొడవు పెంచాలన్న చర్చ వచ్చినప్పుడల్లా ఆటగాళ్ల అలసటతో పాటు ఈ అంకె కూడా బల్ల మీద ఉంటుంది.

ప్రసారకర్త ఆ సొమ్ము ఎలా రాబట్టుకుంటాడు

టీవీ వైపు లెక్క చూద్దాం. ఒక్కో ఇన్నింగ్స్‌లో 20 ఓవర్లు, వాటి మధ్య 19 విరామాలు. రెండు ఇన్నింగ్స్‌కు 38. ఒక్కో విరామంలో 30 సెకన్ల ప్రకటనలు అనుకుంటే 1,140 సెకన్లు. జట్లు వ్యూహం చర్చించుకోవడానికి ఆట ఆపే రెండున్నర నిమిషాల స్ట్రాటజిక్ టైమౌట్లు నాలుగు, అంటే 600 సెకన్లు. మ్యాచ్‌లో 12 వికెట్లు పడి, ప్రతిదానికీ 30 సెకన్లు దొరికితే 360. అంతా కలిపితే 2,100. అందులో కొంత మైదానం దృశ్యాలకూ రీప్లేలకూ పోతుంది కాబట్టి అమ్ముకోగలిగింది 2,000 సెకన్లు అనుకుందాం.

ప్రకటనలు పది సెకన్ల లెక్కన అమ్ముతారు. 2,000 సెకన్లంటే 200 స్లాట్లు. 57.5 కోట్లను 200తో భాగిస్తే ఒక్కో పది సెకన్లకు 28.75 లక్షలు. హక్కుల ఖర్చు మొత్తం మ్యాచ్ మధ్య ప్రకటనలతోనే రాబట్టాలంటే రావలసిన ధర ఇది. కెమెరాలు, కామెంటేటర్లు, శాటిలైట్ ఖర్చు ఇందులో కలపలేదు. చానల్ చందాలు, మ్యాచ్ ముందూ వెనకా వచ్చే కార్యక్రమాల ప్రకటనలు కొంత భారం దించుతాయి. అయినా ప్రతి ఓవర్ చివరా తెర ఎందుకు అంత హడావిడిగా ప్రకటనకు మారిపోతుందో ఈ ఒక్క అంకె చెబుతుంది.

మ్యాచ్ త్వరగా ముగిస్తే ఏమవుతుందో ఉప్పల్‌లోనే చూశాం. 2024 మే 8న లక్నో నాలుగు వికెట్లకు 165 పరుగులు చేసింది. ట్రావిస్ హెడ్, అభిషేక్ శర్మ కలిసి ఒక్క వికెట్ కూడా పడకుండా 9.4 ఓవర్లలో దాన్ని ఊదేశారు. స్టాండ్స్‌లో ఉన్నవాళ్లకు జన్మంతా గుర్తుండే రాత్రి అది. పై లెక్కతో చూస్తే రెండో ఇన్నింగ్స్‌లో పది ఓవర్ విరామాలు పోయాయి. 13 నుంచి 16 ఓవర్ల మధ్య తీసుకోవలసిన టైమౌట్ పోయింది. 12 వికెట్లు అనుకున్నచోట నాలుగే పడ్డాయి. మొత్తం 690 సెకన్లు, అంటే 69 స్లాట్లు. మన లెక్క ధరకు దాదాపు 20 కోట్లు. నిజ జీవితంలో ప్రసారకర్త ఆ ప్రకటనలను తర్వాతి మ్యాచ్‌లకు సర్దుకుంటాడు, ప్రకటనదారులతో ఒప్పందాలూ సీజన్ మొత్తానికి ఉంటాయి. కానీ ఆ సర్దుబాటుకు చోటు ఉండాలంటే మిగతా మ్యాచ్‌లు ఆఖరి ఓవర్ దాకా సాగాలి.

డిజిటల్ వైపు కథ ఇంకా తొందరగా మారింది. 2023లో వయాకామ్18 యాప్ జియోసినిమా మ్యాచ్‌లను ఉచితంగా చూపించింది. మ్యాచ్‌కు 50 కోట్లు కట్టి ఉచితంగా ఇవ్వడం ప్రేక్షకులను పోగేసుకోవడానికి పెట్టిన పెట్టుబడి. 2024 నవంబరులో స్టార్, వయాకామ్18 వ్యాపారాలు ఒక్కటై జియోస్టార్ ఏర్పడ్డాక పోటీయే లేకుండా పోయింది. 2025లో దాని యాప్ జియోహాట్‌స్టార్ కొద్దిసేపు చూపించి ఆపైన చందా అడగడం మొదలుపెట్టింది. ఉచితం పోయిందని చాలామంది నొచ్చుకున్నారు. ఇద్దరు పోటీదారులు ఒకరిని ఒకరు తరుముకుంటున్నంత కాలమే ఆ ఉచితానికి కారణం ఉంది.

పంపకం: గెలిచినవాడికీ ఓడినవాడికీ దాదాపు సమానం

ప్రసార హక్కుల ఆదాయంలో స్థూలంగా సగం బోర్డుకు, సగం జట్లకు అని లెక్క. జట్ల సగంలో చాలా భాగాన్ని సమానంగా పంచుతారు. పట్టికలో స్థానాన్ని బట్టి మారేది చిన్న ముక్క.

2023 సీజన్ తీసుకుందాం. 74 మ్యాచ్‌లకు టీవీ, డిజిటల్ 7,955 కోట్లు. ప్రత్యేక ప్యాకేజీలో 18 మ్యాచ్‌లకు దాదాపు 598 కోట్లు. విదేశీ హక్కులు పక్కన పెట్టినా 8,553 కోట్లు. సగం అంటే 4,277 కోట్లు. పదితో భాగిస్తే జట్టుకు దాదాపు 428 కోట్లు. అంతకు ముందు ఏడాది మ్యాచ్‌కు 54.5 కోట్ల చొప్పున ఇదే పద్ధతిలో లెక్కేస్తే జట్టుకు 202 కోట్ల దగ్గర ఆగుతుంది. పదో స్థానంలో ఉన్న ఏడాదే రెట్టింపు దాటిందన్నది ఇందుకే.

ఇప్పుడు గెలుపు విలువ చూడండి. 2024లో రన్నరప్‌గా సన్‌రైజర్స్‌కు వచ్చిన బహుమతి 12.5 కోట్లు, విజేత కోల్‌కతాకు 20 కోట్లు. 428 పక్కన 12.5 పెడితే యజమాని ఆదాయంలో ట్రోఫీ పాత్ర ఎంతో తెలుస్తుంది. గెలుపు వల్ల లాభం లేదని కాదు. వరుసగా గెలిచే జట్టుకు జెర్సీ మీద చోటు ఎక్కువ ధరకు అమ్ముడవుతుంది, టికెట్ ధర పెంచుకోగలుగుతుంది, ఫ్రాంచైజీ విలువ పెరుగుతుంది. అవన్నీ నెమ్మదిగా వచ్చేవి.

ఈ సమాన పంపకం మీద రెండు అభిప్రాయాలు ఉన్నాయి. ఎక్కువ మంది ప్రేక్షకులను తెచ్చేది చెన్నై, ముంబై, బెంగళూరు లాంటి జట్లే అయినప్పుడు వాటికి ఎక్కువ దక్కాలన్నది ఒకటి. ఒక జట్టు ఒంటరిగా మ్యాచ్ ఆడలేదు, పది జట్లూ బలంగా ఉంటేనే ఆఖరి ఓవర్ దాకా ఉత్కంఠ ఉంటుంది, ప్రసారకర్త కొనేది ఆ ఉత్కంఠనే అన్నది రెండోది. ఆటగాళ్ల వేలంలో అందరికీ ఒకే పర్సు, అంటే ఒకే ఖర్చు పరిమితి పెట్టడం కూడా ఈ రెండో ఆలోచన నుంచి వచ్చిందే. నాకు రెండో వాదనే బలంగా అనిపిస్తుంది. హైదరాబాద్ లాంటి మధ్యస్థాయి మార్కెట్ జట్టు ఫైనల్స్ దాకా రాగలుగుతున్నది ఈ ఏర్పాటు వల్లే.

ఖర్చు వైపు

2025 మెగా వేలానికి ఒక్కో జట్టు పర్సు 120 కోట్లు. హైదరాబాద్ ఐదుగురిని ముందే అట్టిపెట్టుకుంది: క్లాసెన్ 23 కోట్లు, కమిన్స్ 18, అభిషేక్ శర్మ 14, హెడ్ 14, నితీశ్ కుమార్ రెడ్డి 6. కలిపితే సరిగ్గా 75. ఐదుగురు అంతర్జాతీయ ఆటగాళ్లను అట్టిపెట్టుకుంటే పర్సు నుంచి కోత పడేది 75 కోట్లే. దాన్ని ఎవరికి ఎంత అన్నది జట్టు ఇష్టం. అందుకే క్లాసెన్‌కు ఎక్కువ, నితీశ్‌కు తక్కువ. మిగిలిన 45 కోట్లతో వేలానికి వెళ్లి ఇషాన్ కిషన్‌ను 11.25 కోట్లకు, షమీని 10 కోట్లకు తీసుకున్నారు.

2025 నుంచి పర్సుకు బయట మ్యాచ్ ఫీజు వచ్చింది. ఒక్కో ఆటగాడికి మ్యాచ్‌కు 7.5 లక్షలు. మ్యాచ్ మధ్యలో ఒకరి బదులు దించే ఇంపాక్ట్ ప్లేయర్‌తో కలిపి 12 మంది, 14 లీగ్ మ్యాచ్‌లు. గుణిస్తే 12.6 కోట్లు. 30 లక్షల కనీస ధరకు అమ్ముడైన కుర్రాడు 14 మ్యాచ్‌లూ ఆడితే ఫీజు రూపంలోనే 1.05 కోట్లు అందుకుంటాడు. వేలం ధర కన్నా మూడున్నర రెట్లు. ఈ మార్పు గురించి జరగాల్సినంత చర్చ జరగలేదు.

ఇవి కాక కోచ్‌లు, విమానాలు, హోటళ్లు, స్టేడియం అద్దె, ప్రచారం. ఆపైన బోర్డుకు కట్టే ఫ్రాంచైజీ రుసుము. సన్ టీవీ 2012 అక్టోబరులో హైదరాబాద్ జట్టును ఏటా 85.05 కోట్లకు దక్కించుకుంది. తొలినాటి స్థిర రుసుము గడువు దాటిన పాత జట్లు ఇప్పుడు తమ ఆదాయంలో 20 శాతం బోర్డుకు ఇస్తాయి.

అన్నీ ఒకచోట పెట్టి చూద్దాం. సొంత స్పాన్సర్లు 60 కోట్లు, గేటు 37 కోట్లు, ఇతర ఖర్చులు 60 కోట్లు అన్నవి లెక్క కోసం అనుకున్నవి. ఆదాయం 428, 60, 37 కలిపి 525 కోట్లు. బోర్డుకు 20 శాతం, అంటే 105. ఆటగాళ్లకు 132.6. ఇతర ఖర్చులు 60. పన్నుకు ముందు మిగిలేది దాదాపు 227 కోట్లు. గేటు ఆదాయం పూర్తిగా సున్నా అయినా మిగులు 30 కోట్ల మేర తగ్గుతుంది, అంతే. 2020లో సీజన్ మొత్తం యూఏఈలో ఖాళీ స్టాండ్ల ముందు జరిగినా లీగ్ నిలబడిందంటే కారణం ఇదే.

సన్ టీవీ షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ కాబట్టి తన త్రైమాసిక ఫలితాల్లో క్రికెట్ ఆదాయ వ్యయాలను విడిగా చెబుతుంది. ఏప్రిల్–జూన్ ఫలితాల్లో ఆ అంకె ఉబ్బి కనిపిస్తుంది. దక్షిణాఫ్రికా లీగ్‌లోని జట్టు లెక్క కూడా అందులో కలిసి ఉంటుందని గుర్తుంచుకుంటే సరిగా అర్థమవుతుంది.

ఉప్పల్ గేటు, పాసుల పంచాయితీ

37 కోట్ల అంకె ఎలా వచ్చిందంటే: స్టేడియం సామర్థ్యం దాదాపు 39,000. అందులో 10 శాతం, అంటే 3,900 పాసులు ఒప్పందం ప్రకారం హెచ్‌సీఏకు వెళతాయి. మిగిలిన 35,100 సీట్లూ సగటున పన్ను కలపని 1,500 రూపాయలకు అమ్ముడైతే మ్యాచ్‌కు 5.27 కోట్లు. సొంత మైదానంలో ఏడు మ్యాచ్‌లకు 37 కోట్లు.

2025 మార్చి చివరలో ఈ 3,900 పాసుల మీదే పెద్ద రగడ జరిగింది. అదనపు పాసుల కోసం హెచ్‌సీఏ పెద్దలు ఒత్తిడి తెస్తున్నారని, లక్నోతో మ్యాచ్ రోజు ఒక కార్పొరేట్ బాక్సుకు తాళం వేశారని సన్‌రైజర్స్ లేఖ రాసింది. ఇలాగే ఉంటే వేరే చోటికి వెళ్లిపోతామని కూడా అంది. హెచ్‌సీఏ ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం విజిలెన్స్ విచారణకు ఆదేశించింది. చివరికి సన్‌రైజర్స్, హెచ్‌సీఏ, బీసీసీఐల త్రైపాక్షిక ఒప్పందంలో ఉన్న 10 శాతానికే కట్టుబడాలని ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఎవరిది తప్పో విచారణలు తేల్చాలి. తగాదా ఎందుకు పుడుతుందో మాత్రం లెక్కలోనే ఉంది. జట్టు వైపు నుంచి ఒక్కో పాసు అమ్ముకోగలిగిన సీటు. బాక్సు సీటైతే ధర ఇంకా ఎక్కువ. సంఘం వైపు నుంచి చూస్తే అనుబంధ క్లబ్బులు, మాజీ ఆటగాళ్లు, బందోబస్తు చూసే శాఖలు అందరూ పాసులు ఆశించేవారే. స్టేడియం తమది, ఏడాది పొడవునా చూసుకునేది తాము, ఆ రాత్రి సంపాదన మాత్రం వేరేవారిది అన్న బాధ కూడా ఉంటుంది. అందుకే "మొత్తంలో 10 శాతం" అన్నది చాలదు, ఏ స్టాండ్‌లో ఎన్ని అన్నది కూడా ముందే రాసుకోవాలి. ఎండకు మాడే స్టాండ్‌లో 20 సీట్లూ కార్పొరేట్ బాక్సులో 20 సీట్లూ ఒకటి కావు.

ప్లేఆఫ్‌లు వేరు. వాటిని బోర్డే నిర్వహిస్తుంది. 2025లో క్వాలిఫయర్ 1, ఎలిమినేటర్ ఉప్పల్‌లో జరగాల్సింది. మే నెలలో లీగ్ వారం పాటు ఆగి మళ్లీ మొదలయ్యాక అవి పంజాబ్‌లోని ముల్లాన్‌పూర్‌కు తరలిపోయాయి. కోల్‌కతాతో ఇక్కడ జరగాల్సిన లీగ్ మ్యాచ్ కూడా ఢిల్లీకి వెళ్లింది. జట్టు ఖాతాలో అది ఒక గేటు నష్టం. టికెట్ కోసం ఎదురుచూసిన హైదరాబాదీకి మాత్రం ఆ ఏడాదికి అంతే.

టికెట్ మీద పన్నూ మారింది. ఐపీఎల్ టికెట్లపై జీఎస్టీ 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. 1,500 అసలు ధర ఉన్న టికెట్ 1,920 నుంచి 2,100కు చేరుతుంది. మనం కట్టేది 1,920 దగ్గరే ఉంచాలంటే జట్టు అసలు ధరను 1,371కి దించుకోవాలి. భారాన్ని ఎవరు మోస్తారన్నది గిరాకీ తేలుస్తుంది. ఉప్పల్ నిండిపోయే మ్యాచ్‌లకు ప్రేక్షకుడే మోస్తాడు. గుర్తింపు పొందిన ఇతర క్రీడా పోటీలకు 500 లోపు టికెట్‌పై జీఎస్టీ లేదు, ఆపైన 18 శాతమే.

దూరదర్శన్‌లో ఎందుకు రాదు, క్లిప్ పెడితే ఎందుకు తీసేస్తారు

2007 నాటి చట్టం ప్రకారం జాతీయ ప్రాధాన్యం ఉన్న క్రీడా పోటీల సిగ్నల్‌ను హక్కుదారు ప్రసార భారతికి ఇవ్వాలి. టీవీలో ప్రకటన ఆదాయం 75:25గా పంచుకోవాలి. ఆ జాబితాలో ఐపీఎల్ లేదు. భారత జట్టు ఆడే మ్యాచ్‌లు దూరదర్శన్‌లో వచ్చినా కేబుల్ ఉన్న ఇంట్లో కనిపించకపోవడానికి కారణం 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ఆ సిగ్నల్ దూరదర్శన్ సొంత ప్రసారానికీ, దాని ఉచిత డిష్ సేవ ఫ్రీ డిష్‌కూ మాత్రమే.

స్కోరు చెప్పడం వేరు, దృశ్యం చూపడం వేరు. మైదానంలో జరిగిన దాని సమాచారం ఎవరి ఆస్తీ కాదని 2013లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం తేల్చింది. అందుకే ఏ యాప్ అయినా బంతి బంతికీ స్కోరు ఇవ్వగలదు. సిక్సర్ దృశ్యం మాత్రం కొనుక్కున్నవారిది. తెలుగు యూట్యూబ్ చానళ్లు మ్యాచ్ విశ్లేషణకు ఫొటోలూ గ్రాఫిక్స్‌తో సరిపెట్టుకోవడం ఇందుకే.

పెద్ద కేంద్ర నిధి లేని ఆట: హైదరాబాద్ ఎఫ్‌సీ

ఈ నగరంలోనే ఇంకో ఉదాహరణ ఉంది. అది చూస్తే మనసు కష్టపడుతుంది. ఫుట్‌బాల్ క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ 2021–22 ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. గోవాలో ఫైనల్, కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీ షూటౌట్. ఆ తర్వాత ఆర్థిక కష్టాలు మొదలయ్యాయి, ఆటగాళ్లు వెళ్లిపోయారు, 2024లో యాజమాన్యం మారింది, 2025లో క్లబ్ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. గచ్చిబౌలికి జట్టే లేకుండా పోయింది.

ఐపీఎల్‌లో పదో స్థానం జట్టు సుఖంగా ఉంటే, ఫుట్‌బాల్ విజేత నిలబడలేకపోయింది. తేడా ఆటగాళ్లలో లేదు, అభిమానుల్లోనూ లేదు. ఫుట్‌బాల్‌లో జీతాల ఖర్చు కోట్లలో ఉంటుంది, దాన్ని భరించే స్థాయి ప్రసార వాటా లేదు. 45 నిమిషాలు ఆగకుండా సాగే ఆటలో ప్రతి ఓవర్‌కూ ప్రకటన పెట్టే వీలు లేదు. లోటు ఏటా యజమాని జేబు నుంచి పూడాలి. యజమాని అలిసిపోతే క్లబ్ పోతుంది. మధ్యలో కబడ్డీ ఉంది. ప్రో కబడ్డీ ఐదు సీజన్ల హక్కులు 2021లో 908.7 కోట్లకు, అంటే ఏడాదికి 182 కోట్ల దాకా పలికాయి. ఐపీఎల్‌లో రెండు మ్యాచ్‌ల ధర కూడా కాదు. కబడ్డీ ఖర్చుల స్థాయికి మాత్రం అది ఆసరా.

ఐపీఎల్‌లోనూ యజమాని బలహీనపడితే నిధి కాపాడలేదు. దక్కన్ క్రానికల్ సంస్థ 2008లో 10.7 కోట్ల డాలర్లకు హైదరాబాద్ ఫ్రాంచైజీ కొంది. 2009లో గిల్‌క్రిస్ట్ సారథ్యంలో దక్కన్ చార్జర్స్ కప్పు తెచ్చింది. మాతృసంస్థ అప్పుల్లో కూరుకుపోగా 2012 సెప్టెంబరులో బోర్డు ఒప్పందం రద్దు చేసింది. మధ్యవర్తి 2020లో ఆ సంస్థకు దాదాపు 4,800 కోట్లు ఇవ్వాలని బోర్డును ఆదేశిస్తే, 2021లో బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది.

2027 తర్వాత ఏంటి

ప్రస్తుత హక్కుల గడువు 2027 సీజన్‌తో తీరిపోతుంది. తర్వాతి ధర మీద అంచనాలు రెండు వైపులా ఉన్నాయి.

తగ్గుతుందనేవారి వాదన: 2022లో స్టార్, వయాకామ్18, సోనీ, జీ బరిలో ఉన్నాయి. తలపడి ధర పెంచిన మొదటి రెండూ ఇప్పుడు ఒకే సంస్థ. సోనీ, జీ విలీనం 2024 జనవరిలో చెడిపోయింది. పైగా 2025 ఆగస్టులో వచ్చిన చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు ఆగిపోయాయి. ఊహా జట్లు కట్టి డబ్బు పెట్టి ఆడించే ఫాంటసీ యాప్‌లు క్రికెట్‌లో పెద్ద ప్రకటనదారులుగా ఉండేవి. తెలంగాణలో 2017 నుంచీ, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచీ ఇలాంటి ఆటలపై నిషేధం ఉన్నా, దేశమంతటికీ ఒకే ప్రసారం కాబట్టి ఆ ప్రకటనలు మన ఇళ్లలోకీ వచ్చేవి. ఆ సొమ్ము ఇప్పుడు లేదు.

పెరుగుతుందనేవారు ఇంకోటి చెబుతారు. ఒకే రాత్రి ఇంతమందిని ఒకే తెర ముందు కూర్చోబెట్టేది దేశంలో వేరే లేదు. 2022లో చివరి నిమిషంలో తప్పుకున్న అమెజాన్ లాంటి సంస్థలు మళ్లీ రావచ్చు. ఉచితం నుంచి చందాకు ప్రేక్షకులు అలవాటు పడితే డిజిటల్ ధర నిలుస్తుంది. విలీనానికి అనుమతి ఇచ్చేటప్పుడు క్రికెట్‌లో టీవీ, డిజిటల్ ప్రకటనలను కలిపి అంటగట్టబోమని పోటీ కమిషన్‌కు ఆ సంస్థలు మాటిచ్చాయి కూడా.

ధర పడితే దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. 20 శాతం తగ్గిందనుకుందాం. పై లెక్కలో 428 కోట్ల వాటా 342 అవుతుంది. హైదరాబాద్ జట్టు బోర్డుకు కట్టేది ఆదాయంలో వాటా కాబట్టి అదీ 17 కోట్లు తగ్గుతుంది. నికర నష్టం 69 కోట్లు. మిగులు కుంచించుకుపోతుంది కానీ పూర్తిగా పోదు. లక్నో పరిస్థితి వేరు. 2021లో 7,090 కోట్లకు కొన్న ఆ జట్టు పదేళ్లలో ఆ మొత్తం కట్టాలి. సమానంగా పంచితే ఏటా 709 కోట్లు. ప్రసార వాటా ఎంత తగ్గినా అది తగ్గదు. 525 కోట్ల ఆదాయం ఉన్నప్పుడే ఆటగాళ్లకు రూపాయి ఇవ్వకముందు 184 కోట్ల లోటు. ఎప్పటికో పెరిగే జట్టు విలువ మీద వేసిన పందెం అది. 2028–32 వేలంలో బోర్డు మీద ఎక్కువ ఒత్తిడి తెచ్చేది, మ్యాచ్‌లు పెంచమని గట్టిగా అడిగేది స్థిర రుసుము మోస్తున్న ఈ కొత్త జట్లే.